ఒకే పిల్ల, మూడు తరగతులు

అమెరికాలో బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకునే ఏడేళ్ల పిల్లను "ఏ తరగతమ్మా?" అని అడిగితే వెంటనే జవాబు రాకపోవచ్చు. తెలియక కాదు. చదవడంలో మూడో తరగతి పుస్తకం, లెక్కల్లో ఒకటో తరగతి పుస్తకం, స్పెల్లింగులో రెండోది నడుస్తుంటే ఆ పిల్ల ఏమని చెప్పాలి? వయసును బట్టి రెండో తరగతి అని వాళ్లమ్మ పక్కనుంచి అందిస్తుంది. ఆ అంకె చుట్టుపక్కలవాళ్ల కోసం, కొన్ని రాష్ట్రాల్లో విద్యాశాఖకు పంపే కాగితం కోసం. ఇంట్లో బల్ల దగ్గర కూర్చున్నప్పుడు దానితో పనిలేదు.

అక్కడి ఇంటి చదువుల నుంచి మనం నేర్చుకోవలసినది ఇదేనని నా గట్టి నమ్మకం. పిల్లల్ని బడి మాన్పించమని నేను చెప్పడం లేదు. తెలుగునాట ఆ పని చేసిన కుటుంబాలున్నాయి, వాళ్లకు ఇందులో పనికొచ్చేవి కొన్ని దొరుకుతాయి. కానీ బడికి పంపుతూనే సాయంత్రం గంటసేపు పిల్లను దగ్గర కూర్చోబెట్టుకునేవాళ్లు వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ గంటలో ఏ పుస్తకం తెరవాలన్నది వాళ్ల ప్రశ్న కూడా. మన దగ్గర ఆ ప్రశ్న పుట్టకముందే జవాబు వచ్చేస్తుంది. మనం బడిని ఎంచుకుంటాం, బడి పుస్తకాల కట్ట ఇస్తుంది, కట్ట మీద తరగతి అంకె ఉంటుంది. పిల్లే ఆ అంకెకు సరిపోవాలి. సరిపోకపోతే ట్యూషన్.

అమెరికాలో ఈ దారి పట్టినవాళ్లు మొదట కొద్దిమందే. జాన్ హోల్ట్ అనే ఉపాధ్యాయుడు 1964లో అచ్చయిన 'హౌ చిల్డ్రన్ ఫెయిల్' అనే పుస్తకంలో, పిల్లలు పాఠం వదిలేసి టీచరుకు కావలసిన జవాబేమిటో పసిగట్టడంలో ఎలా ఆరితేరతారో వివరంగా రాశాడు. 1977లో ఇంటి చదువుల కోసమే ఒక పత్రిక మొదలుపెట్టాడు. 1980ల్లో మతవిశ్వాసం కారణంగా క్రైస్తవ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఇటు వచ్చాయి. 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఇది చట్టబద్ధమైంది. ఇంట్లో చదువుకునే పిల్లలు 1999లో సుమారు 8.5 లక్షలు, 2016లో సుమారు 17 లక్షలు అని అక్కడి జాతీయ విద్యా గణాంక కేంద్రం అంచనా. కోవిడ్ కాలంలో జనగణన శాఖ చేసిన సర్వేలో, బడి ఈడు పిల్లలున్న ఇళ్లలో ఇంటి చదువు చెబుతున్నవి 2020 వసంతంలో 5.4 శాతం ఉంటే, ఆ ఏడాది అక్టోబరు నాటికి 11.1 శాతానికి చేరాయి.

రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి. టెక్సస్‌లో అక్కడి సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఇల్లు కూడా ప్రైవేటు బడి కిందే లెక్క. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం అనే అయిదు నేర్పితే చాలు, పరీక్షల్లేవు, నివేదికల్లేవు. న్యూయార్క్‌లో మాత్రం ఏడాది మొదట్లో ప్రణాళిక పంపాలి, మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, ఒకటి నుంచి ఆరు తరగతులకు ఏటా 900 గంటలు చెప్పినట్టు చూపాలి. అయినా రెండు రాష్ట్రాల్లోనూ ఏ పుస్తకం వాడాలన్న నిర్ణయం తల్లిదండ్రులదే.

ఆ స్వేచ్ఛను వాడుకోవడం వాళ్లకు ఒక్కరోజులో అబ్బలేదు. బాల్టిమోర్‌లోని కాల్వర్ట్ అనే బడి 1906లోనే ఇంటి చదువుకు కావలసినవన్నీ ఒక పెట్టెలో పెట్టి పోస్టులో పంపడం మొదలుపెట్టింది. దూరదేశాల్లో ఉండే రాయబారుల, మిషనరీల పిల్లలకు అది వరమైంది. ఏ రోజు ఏ పాఠం చెప్పాలో తల్లికి రాసిపెట్టి ఉండేది. ఈ పెట్టె పద్ధతి ఇప్పటికీ ఉంది, చాలా సంస్థలు అమ్ముతున్నాయి. మొదటిసారి ఇంటి చదువు మొదలుపెట్టే తల్లికి ఇది గొప్ప ధైర్యం, కాదనను. కానీ పెట్టెలోని అన్ని పుస్తకాల మీదా ఒకటే అంకె ఉంటుంది. బడిలో ఏ ఇబ్బంది వల్ల పిల్లను ఇంటికి తెచ్చుకున్నారో అదే ఇబ్బంది పెట్టెలో ఇంటికి వచ్చేస్తుంది. చదవడంలో ముందున్న పిల్ల పెట్టెలోని కథలు మొదటి నెలలోనే అవగొట్టేస్తుంది, లెక్కల పుస్తకం దగ్గర ఏడుస్తుంది. అందుకే చాలా కుటుంబాలు ఒకటి రెండేళ్లయ్యాక కట్ట విప్పేసి, ఒక్కో విషయానికి ఒక్కో చోటి పుస్తకం తెచ్చుకోవడం మొదలుపెట్టాయి.

అప్పుడు ఏ పుస్తకం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి. దానికి వాళ్లు వాడేది ప్లేస్‌మెంట్ టెస్ట్. పేరు విని మన ఎంట్రన్సు పరీక్షను తలచుకోకండి, దీని పని పూర్తిగా వేరు. మన దగ్గర ఒకటో తరగతి పిల్లకు పరీక్ష పెడితే అది పిల్లను తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి. అక్కడ పెట్టేది పిల్లకు ఏ పుస్తకం సరిపోతుందో తేల్చడానికి. పుస్తకం అమ్మే సంస్థే ఈ పరీక్షను ఉచితంగా ఇస్తుంది. ఒక పుస్తకంలో ఉన్న లెక్కలన్నిటి నుంచి తలా ఒకటి రెండు ఏరి కాగితం మీద పెడతారు. సాయం చేయకుండా, తొందరపెట్టకుండా పిల్లతో చేయించాలి. సుమారు 80 శాతం వస్తే ఆ పుస్తకం వచ్చేసినట్టే, పై పుస్తకానికి వెళ్లవచ్చు. రాకపోతే ఆ పుస్తకమే మొదలుపెట్టాలి, వయసు ఎంతైనా సరే. ఇందులో తప్పడం అనేది లేదు. పిల్ల ఎక్కడ నిలబడి ఉందో చూసుకోవడమే.

స్టీవ్ డెమ్మీ తయారుచేసిన 'మ్యాథ్-యు-సీ' లెక్కల పుస్తకాల మీద తరగతి అంకే వేయలేదు. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని గ్రీకు అక్షరాలు పెట్టారు. ఆల్ఫాలో ఒంటి అంకెల కూడికలు, తీసివేతలు. బీటాలో పెద్ద అంకెలతో అవే. గామా అంతా గుణకారం, డెల్టా అంతా భాగాహారం. ఒక పుస్తకం ఆర్నెల్లలో అయినా మంచిదే, ఏడాదిన్నర పట్టినా మంచిదే. తొమ్మిదేళ్ల పిల్లాడు ఆల్ఫా చేస్తుంటే తన చెల్లెలి తరగతిలో కూర్చున్నట్టు వాడికి అనిపించదు. ఈ చిన్న మర్యాద నాకు చాలా గొప్పగా తోచింది. మన దగ్గర నాలుగో తరగతి పిల్లాడికి అప్పు తెచ్చి తీసివేయడం రాకపోతే, రెండో తరగతి పుస్తకం వాడి చేతిలో పెట్టడానికి ఎంత బెదురుతామో గుర్తు చేసుకోండి. వాడికి అవమానమనీ, పక్కింటివాళ్లు చూస్తారనీ. దాంతో రాని లెక్క రానట్టే ఉండిపోతుంది, దాని మీద అయిదో తరగతి లెక్కలు పేరుస్తాం.

ఇలా ఒక పుస్తకంలో ఒకే విషయాన్ని పూర్తిగా పట్టించడం ఒక పద్ధతి. దీనికి ఎదురుగా జాన్ సాక్సన్ పద్ధతి ఉంది. ఆయన వైమానిక దళంలో పనిచేసి రిటైరయ్యాక ఓక్లహామాలో ఆల్‌జీబ్రా చెప్పారు. ఈ నెల నేర్చుకున్నది వచ్చే నెలకు మరిచిపోయే విద్యార్థుల్ని చూసి, రోజుకు కొత్తది కొంచెమే చెప్పి, మిగతా అభ్యాసమంతా వెనకటి పాఠాల నుంచి కలిపి ఇచ్చే పుస్తకాలు తయారుచేశారు. చిన్న తరగతుల సాక్సన్ పుస్తకాలు రాసింది న్యాన్సీ లార్సన్. వాటిలో తల్లి ఏ మాట అనాలో కూడా రాసి ఉంటుంది. రెండు పద్ధతులకూ ప్రాణమిచ్చేవాళ్లున్నారు. నేను గమనించినంతలో, ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా చూసి విసుగుపడే పిల్లకు సాక్సన్ నప్పుతుంది, రోజూ విషయం మారితే గాభరాపడే పిల్లకు డెమ్మీ నప్పుతుంది. ఎనిమిది వారాలు చేయించి చూడకుండా మాత్రం ఈ సంగతి ఎవరికీ తెలియదు. అందుకే అనుభవమున్న తల్లులు మూడేళ్ల పుస్తకాలు ఒకేసారి కొనవద్దని కొత్తవాళ్లను హెచ్చరిస్తారు.

మూడోది సింగపూర్ నుంచి వచ్చింది. అమెరికాయే మరో చోటి నుంచి నేర్చుకున్న పాఠం కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. 1980లో సింగపూర్ ప్రభుత్వం పాఠ్యపుస్తకాల తయారీకి ఒక సంస్థను పెట్టింది. 1982లో 'ప్రైమరీ మ్యాథమెటిక్స్' మొదటి కూర్పు వచ్చింది. ముందు వస్తువులతో, తర్వాత బొమ్మతో, ఆ తర్వాతే అంకెలతో చెప్పడం దాని పద్ధతి. ఈ వరస అమెరికన్ మనోవైజ్ఞానికుడు జెరోమ్ బ్రూనర్ ఆలోచనల్లోంచి వచ్చింది. రాత లెక్కలో తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ పొడుగాటి పట్టీల్లా గీసి చూపడం పిల్లలకు నేర్పారు. 1995లో జరిగిన అంతర్జాతీయ పోలికలో నాలుగు, ఎనిమిది తరగతుల లెక్కల్లో సింగపూర్ మొదటి స్థానంలో నిలిచింది. అమెరికాలో బడులకంటే ముందు ఇంటి చదువుల తల్లులు ఆ పుస్తకాల వెంట పడ్డారు. తర్వాత అమెరికా కూర్పు తెచ్చినప్పుడు నాణేలు మార్చారు, అంగుళాలు, పౌన్లు చేర్చారు. పాఠాల వరసను, వస్తువు నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి అంకెకు నడిచే తీరును కదపలేదు. పరాయి పుస్తకం తెచ్చుకునేటప్పుడు ఏది మార్చాలో, ఏది మార్చకూడదో ఇంతకంటే స్పష్టంగా చూపిన ఉదాహరణ నాకు కనబడలేదు. మన దగ్గర సింగపూర్ మ్యాథ్ అన్న పేరుతో నడిచే ట్యూషన్లలో వేగం మీద పోటీలు కనబడితే మాత్రం, పేరు ఒకటి, పని ఒకటి అనుకోండి.

చదవడం నేర్పే పుస్తకాల దగ్గరికి వద్దాం. మొదటి మూడేళ్లలో దేన్నీ వదలకుండా, వరస తప్పకుండా నేర్పవలసినవి రెండే అని అక్కడి కుటుంబాలు తేల్చుకున్నాయి. ఒకటి లెక్కలు, రెండోది చదవడం. ఇంగ్లీషు చదవడంలో అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని ఒక క్రమంలో నేర్పడమే మేలని 2000లో అక్కడి నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదిక కూడా చెప్పింది. మనవాళ్లు ఫోనిక్స్ అనేది దీన్నే. సీగ్‌ఫ్రీడ్ ఎంగెల్మన్ బృందం 1983లో తెచ్చిన వంద పాఠాల పుస్తకంలో తల్లి పలకవలసిన మాటలు ఎర్ర సిరాలో ఉంటాయి. టీచరు కాని తల్లి కూడా ఆ ఎర్ర అక్షరాలు చదువుకుంటూ పోతే రోజుకు ఇరవై నిమిషాల్లో పాఠం అయిపోతుంది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం 'బాబ్ బుక్స్' అనే చిన్న పుస్తకాల వరస. బాబీ లిన్ మాస్లెన్ అనే ఉపాధ్యాయిని 1970ల్లో తయారుచేసిన ఈ పుస్తకాల్లో మొదటిది నాలుగంటే నాలుగే అక్షరాలతో ఉంటుంది. ఇరవయ్యారు అక్షరాలూ వచ్చేదాకా పిల్లను ఆపలేదు. నాలుగు వచ్చాయా, ఇదిగో నాలుగక్షరాల కథ, మొత్తం నువ్వే చదివావు, అని చేతిలో పెడతారు. తర్వాతి పుస్తకంలో ఇంకొన్ని అక్షరాలు చేరతాయి.

తెలుగులో ఇలా చేయలేమా? అ, క, మ, ల. ఈ నాలుగూ వస్తే అల, కల, కమల, కలకల, అలక అన్నీ చదవవచ్చు. 'కమల అలక' అని కథకు పేరు కూడా పెట్టవచ్చు. ఇంగ్లీషు పిల్లకు ఉన్న చిక్కు మన పిల్లకు లేదు. అక్కడ అక్షరాలు తక్కువ, కానీ ఒకే అక్షరం చోటును బట్టి పలుకు మారుస్తుంది. తెలుగులో రాసినట్టే చదువుతాం, కానీ గుణింతాలూ ఒత్తులూ కలిసి పిల్ల కన్ను గుర్తుపట్టవలసిన ఆకారాలు వందల్లో ఉంటాయి. అందువల్ల ఇంగ్లీషు ఫోనిక్స్ పుస్తకాన్ని తెలుగుకు దించేస్తే పని జరగదు. కొన్ని ఆకారాలు నేర్పి, వాటితోనే చదవదగ్గ కథ ఇచ్చి, అది కంటికి అలవాటయ్యాక కొన్ని కలపాలి. తీసుకోవలసింది ఆ నడక మాత్రమే. మన వాచకాలు అక్షరాన్ని మాటలో చూపించే పద్ధతికి ఎప్పుడో మారాయి, అది మంచి మార్పు. కానీ ఆ అక్షరాలతోనే అల్లిన విడి కథలు, ఒకదాని తర్వాత ఒకటి, పిల్ల ఒళ్లో పెట్టుకుని తనంతట తాను చదివేవి ఎన్ని ఉన్నాయి? ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, బొమ్మలు బాగుంటాయి, ఇంట్లో తప్పక చదివి వినిపించదగ్గవి. కానీ అందులో స్థాయిలు కథ నిడివిని, వాక్యాల తేలికను బట్టి పెట్టినవి. పిల్లకు వచ్చిన అక్షరాలను బట్టి కాదు.

చదవడం, లెక్కలు కాక మిగతా విషయాలకు పుస్తకం కొననవసరమే లేదని అక్కడ చాలామంది అంటారు. నేనూ వాళ్లతోనే ఉన్నాను. ఈ ధోరణికి మూలం షార్లెట్ మేసన్ అనే బ్రిటిష్ విద్యావేత్త (1842-1923). ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఏ పాఠమైనా ఇరవై నిమిషాలు దాటకూడదని, మంచి పుస్తకం ఒక్కసారి చదివి వినిపించి, విన్నది పిల్ల చేత తిరిగి చెప్పించాలని, మిగతా పొద్దంతా ఆరుబయట చెట్టూ పిట్టా చూడనివ్వాలని ఆమె చెప్పింది. ప్రశ్నల పట్టీ వద్దు, ఖాళీలు పూరించడం వద్దు. "ఏం జరిగిందో నువ్వు చెప్పు" అంటే చాలు. విన్నది వరసలో పెట్టి తన మాటల్లో చెప్పడం ఆరేళ్ల పిల్లకు చిన్న పని కాదు, ఖాళీలు పూరించడంకంటే చాలా కష్టం. పంచతంత్ర కథతో ఈ రాత్రే చేసి చూడవచ్చు.

అక్కడి నుంచి తెచ్చుకోకూడనివీ ఉన్నాయి. పిల్ల చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా అని ముందు తేల్చి, దానికి తగ్గ పుస్తకం కొనమనే సలహా అక్కడ విస్తారంగా చలామణిలో ఉంది. పుస్తకాలను దశాబ్దాలుగా ఓపికగా సమీక్షించి కొత్త తల్లిదండ్రులకు దారి చూపిన క్యాథీ డఫీ పుస్తకంలోనూ ఈ భాగం ఉంది. ఆమె శ్రమ మీద నాకు గౌరవమే. కానీ 2008లో నలుగురు మనోవైజ్ఞానికులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడపట్టి, రకాన్ని బట్టి చెబితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని రాశారు. మన ఊళ్లలో ఇదే ఆలోచన ఇంకో మెట్టు దిగజారి, వేలిముద్రలు తీసుకుని పిల్లకు ఏ తెలివి ఉందో చెబుతామనే వ్యాపారంగా నడుస్తోంది. దానికి శాస్త్రం దన్ను లేదు. ఆ డబ్బుతో కథల పుస్తకాలు కొనండి.

ఇంకోటి. అమెరికాలో ఇంటి చదువుల పుస్తకాల్లో పెద్ద భాగం క్రైస్తవ సంస్థలు వేసినవే. కొన్ని సైన్సు పుస్తకాల్లో సృష్టి కథే పాఠం. అక్కడి తెలుగు కుటుంబాలు బొమ్మలు చూసి కొనే ముందు ప్రచురణకర్తలు తమ విశ్వాసం గురించి ముందుమాటలో ఏం రాశారో చదవడం అవసరం. ఇంకా పెద్ద లోపం పర్యవేక్షణ. ఎవరూ తొంగిచూడని రాష్ట్రాల్లో చదువే చెప్పకుండా వదిలేసిన ఇళ్లూ ఉన్నాయి. అలా పెరిగినవాళ్లే మరికొందరితో కలిసి 2013లో ఒక సంస్థ పెట్టి, ఏడాదికోసారైనా బయటివాళ్లెవరో ఒకరు పిల్లను చూడాలని అడుగుతున్నారు. న్యాయమైన కోరిక. తల్లి ప్రేమ ఒక్కటే కొలబద్ద కాలేదు.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బడిని హక్కు చేసింది. ఇంటి చదువు గురించి అందులో అనుమతీ స్పష్టంగా లేదు, నిషేధమూ లేదు. ఇంట్లో చదివించేవాళ్లు సాధారణంగా జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ వైపు చూస్తారు. అందులో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలున్నాయి, 14 నిండాక పదో తరగతి పరీక్ష రాయవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ ఉచితంగా దింపుకోవచ్చు. పుస్తకాల ఖర్చు విషయంలో అమెరికా తల్లికంటే మన తల్లి పరిస్థితి మెరుగే.

తరగతి అంకెను పక్కనపెట్టే పని కూడా మనకు పూర్తిగా కొత్తదేం కాదు. ప్రథమ్ సంస్థ ప్రభుత్వ బడుల పిల్లల కోసం చాలా ఏళ్లుగా అదే చేస్తోంది. మూడు నుంచి అయిదు తరగతుల పిల్లల్ని రోజులో కాసేపు తరగతుల వారీగా కాక, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి గుంపులు చేసి చెబుతారు. ఎంతవరకు వచ్చో చూడటానికి వాడేది, ఊళ్లలో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో వాడే కాగితమే. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో ఒంటి అంకెలు గుర్తుపట్టడం, రెండంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చి తీసివేయడం, మూడంకెల సంఖ్యను ఒంటి అంకెతో భాగించడం. తెలుగులోనూ ఉంది, ఉచితం, అయిదు నిమిషాల పని. ఆ ఫలితాలు పేపర్లో చూసినప్పుడల్లా ప్రభుత్వ బడుల గురించి బాధపడతాం. కార్పొరేట్ బడిలో మూడో తరగతి చదివే మన పిల్ల ముందు ఆ కాగితం పెట్టి చూసినవాళ్లు ఎందరు? పెట్టండి. వచ్చిన ఫలితం గురించి పిల్లను ఒక్క మాటా అనకండి. కథ చదివి, భాగాహారం దగ్గర ఆగితే ఆ సాయంత్రం గంట భాగాహారానిది. పేరా దగ్గరే తడబడితే బడి హోంవర్కు ఎంత ఉన్నా అందులో ఇరవై నిమిషాలు తేలిక కథలకు పోవాలి. బడివాళ్లతో మాట్లాడి ఆమేరకు హోంవర్కు తగ్గించమని అడగడం తల్లిదండ్రుల హక్కు.

పరాయిదేశంలో మనవాళ్లు తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఈ పని చేస్తూనే ఉన్నారు. సిలికానాంధ్ర మనబడి తరగతుల్లో తొమ్మిదేళ్ల పిల్ల ఆరేళ్ల పిల్లాడి పక్కన కూర్చుని అఆలు దిద్దినా ఎవరూ వింతగా చూడరు. తెలుగు ఎంత వచ్చో అక్కడి నుంచే మొదలు. ఇంగ్లీషు, లెక్కల విషయంలో మనకు లేని ధైర్యం తెలుగు విషయంలో వాళ్లకు అవసరం వల్ల వచ్చింది.

ఇక పుస్తకాలు కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాపరిశోధన సంస్థలూ, పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణకర్తలూ పూనుకుంటే నాలుగక్షరాల కథతో మొదలై, దీర్ఘం, గుడి, కొమ్ము ఒక్కోటీ చేర్చుకుంటూ, ద్విత్వాలు దాటి సంయుక్తాక్షరాల దాకా వెళ్లే ఓ యాభై చిన్న పుస్తకాల వరస ఎంతో కాలం పట్టే పని కాదు. రాసేవాళ్లు, బొమ్మలేసేవాళ్లు మనకు ఉన్నారు. వాటి అట్ట మీద తరగతి అంకె వేయవద్దు. లోపలి మొదటి పేజీలో ఆ పుస్తకం చదవడానికి ఏ అక్షరాలు వచ్చి ఉండాలో అచ్చువేస్తే చాలు.